కత్తిని వదలని ఒర

నేను ఒక ఒరను. కత్తిని కాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకు కొంత నయం, ఎందుకంటే నన్ను చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్ళూ వెతికేది నాలో ఉన్నదాన్నే. "అబ్బ, ఏం పదునురా!" అంటారు. బొటనవేలితో తడిమి చూస్తారు, తెగితే వేలు చప్పరిస్తారు, చప్పరిస్తూనే మళ్ళీ మెచ్చుకుంటారు. వేలు కోసినదానికి మెప్పు, నడుము కోసుకుపోకుండా కాపాడినదానికి పలకరింపైనా లేదు. పోనీలే అని ఊరుకుందామంటే, ఊరుకునే స్వభావం కాదు నాది.

నా పుట్టుకే అలాంటిది. నేను ఒక దున్నపోతు వీపు మీది తోలును. దానికి కుదురనేది తెలియదు. నాగలికి కట్టినా, నీడన కట్టేసినా ఈగ వాలిన చోటల్లా చర్మం జలదరిస్తూనే ఉండేది. దున్న పోయింది, ఈగలూ పోయాయి, ఆ జలదరింపు మాత్రం నాకు మిగిలింది. ఇప్పటికీ ఎవరైనా నా వైపు చేయి చాపితే ఒళ్ళంతా ఉలిక్కిపడినట్టవుతుంది.

జనగామ అవతల ఒక పల్లెలో తోలుపని చేసే ఇస్తారి నన్ను సున్నపు నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఎండలో మేకులు కొట్టి సాగదీశాడు. చెప్పుల తోలునైతే ఆ తర్వాత తంగేడు చెక్క నీళ్ళలో వేసి మెత్తబరుస్తాడు. నాకు ఆ భోగం దక్కలేదు. నేను పచ్చితోలుగానే ఉండిపోయాను. పచ్చితోలు తడిస్తే గుడ్డలా లొంగుతుంది, ఎండితే కొయ్యలా బిగుస్తుంది. ఈ రెండింటికీ మధ్య సర్దుకుపోవడం దానికి చేతకాదు. నాకూ చేతకాదు.

ఒర కావాలని వచ్చినవాడు అయిలయ్య. తాటిచెట్లెక్కి కల్లు గీయడం అతని పని. నడుముకు వెనకవైపు ముస్తాదు కట్టుకుంటాడు, అంటే గీతకు కావలసిన సరంజామా అంతా వేలాడే పటకా. దానికి తగిలించడానికి గట్టి ఒర కావాలన్నాడు. వెంట అతని భార్య సత్తెమ్మ కూడా వచ్చింది, అడుగు చిల్లిపడిన ఇత్తడి చెంబు ఒకటి పట్టుకుని. చెంబును అతుకు వేయించాలని ఆమె ఆలోచన. "అతుకేస్తే మళ్ళ కారుతది. ఒర మూతికి పట్టీ చేపిస్త, నీ మొగని నడుముకే ఉంటది" అన్నాడు ఇస్తారి. ఆమె కాసేపు చెంబు వైపు చూసి ఇచ్చేసింది. ఆ తర్వాత వాకిట్లోనే కూర్చుని నన్ను తయారు చేయడం మొదటి నుంచీ చూసింది. అయిలయ్య మాత్రం కాసేపట్లోనే విసుగొచ్చి చుట్ట కాల్చుకోవడానికి పోయాడు.

ఇస్తారి నన్ను నీళ్ళలోంచి తీసి, పిండి, అయిలయ్య తెచ్చిన గీత కత్తికి నూనె రాసిన గుడ్డ చుట్టి, దాని చుట్టూ నన్ను మడిచాడు. ఆరెతో పొడుస్తూ సన్నటి తోలు వారుతో అంచు పొడవునా కుట్టాడు. పొడిచిన ప్రతిసారీ నాకు ప్రాణం పోయి వచ్చింది, అతను మాత్రం ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. కుట్టు అయ్యాక కత్తి బయటికి లాగి, నా నిండా పొడి ఇసుక పోసి కూరి, నీడన వేలాడదీశాడు. ఆరుతూ ఆరుతూ నేను ముడుచుకుపోతుంటే ఇసుక లోపలి నుంచి తన్నింది. ఆ పెనుగులాటలోనే నాకు ఈ ఆకారం వచ్చింది. చివరికి కింది మొనకు ఇనుప పొన్ను బిగించి, మూతి చుట్టూ సత్తెమ్మ చెంబు నుంచి కత్తిరించిన ఇత్తడి పట్టీ వేసి, రాగి తీగ ముక్కలతో కొట్టేశాడు.

ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పాడు. "సూడు అయిలయ్యా, వాన జల్లు పడితే ఏం గాదు, తుడుసుకో. నానితే మాత్రం కత్తి దీసి, ఇసుక బోసి ఆరబెట్టు. కత్తి లోపలుండంగనే ఎండిందనుకో, కరుసుకుంటది. ఇగ ఇడువది."

అయిలయ్య అప్పటికే నన్ను నడుముకు తగిలించుకుని ఎలా ఉందో మెడ తిప్పి చూసుకుంటున్నాడు. "ఇడువదా?" అని అడిగింది సత్తెమ్మే.

"ఇడువది చెల్లె."

అలా నా బతుకు చెట్టెక్కింది. నేను అతని వీపు వెనక ఉంటాను కాబట్టి లోకాన్నంతా వెనక నుంచే చూశాను. అయిలయ్య పైకి పోతుంటే నా ఎదుట నేల కిందికి జారేది. గొడ్లు కుక్కల్లా, మనుషులు కోళ్ళలా అయ్యేవారు. చెట్టు తలలో, తన నడుమునూ చెట్టునూ కలిపి చుట్టిన మోకు మీద వెనక్కి వాలి, నాలోంచి కత్తి లాగి, గెల కొనను ఉల్లిపొరంత పలుచగా చెక్కేవాడు. ఆ చెక్కిన చోటు నుంచి కల్లు బొట్లుబొట్లుగా గెలకు కట్టిన లొట్టి కుండలోకి పడేది. చెక్కడం అయ్యాక కత్తిని వెనక్కి తెచ్చి, నా వైపు చూడకుండానే టక్కున నా మూతిలో దోపేవాడు. అంత ఎత్తున, గాలికి చెట్టు ఊగుతున్నా, ఆ చేయి ఒక్కసారి కూడా తడబడేది కాదు. నన్ను ఎవరూ మెచ్చుకోలేదని ఇందాక అన్నాను గానీ, ఆ 'టక్కు' అన్న చప్పుడే నాకు మెప్పు. కత్తి బయటికి పోయిన ప్రతిసారీ మళ్ళీ వస్తుందో రాదో అని నేను గింజుకునేదాన్ని, వచ్చాక మళ్ళీ ఎప్పుడు పోతుందో అని గింజుకునేదాన్ని.

ఏళ్ళు గడిచాయి. ఒక ఎండాకాలం ఆ చప్పుడు మారింది.

మొదట కత్తి మొన నా మూతికి కాస్త పక్కన తగిలింది. చెట్టు ఊగిందేమోలే అనుకున్నాను. ఆ రోజు గాలి లేదు. తర్వాత తర్వాత మొన నా ఇత్తడి పట్టీ మీద టకటకమని కొట్టుకుంటూ దారి వెతకడం మొదలుపెట్టింది. చేయి వణుకుతోంది. ఎందుకు వణుకుతోందో నాకు తెలియదు, వయసో, నరాల జబ్బో. వణుకుతోందన్న సంగతి మాత్రం లోకంలో ఇద్దరికే తెలుసు, అతనికీ నాకూ. అతను చెప్పడు, నేను చెప్పలేను. కింద మండువాలో కల్లు కోసం కూర్చున్నవాళ్ళు "అయిలయ్య చెయ్యి పడితే కల్లే వేరు" అంటుంటే అతను మీసం దువ్వుకునేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకనాడు కత్తి నా మూతిని తప్పి కిందికే పడిపోయింది. కింద లొట్ల పక్కన నేలలో దిగబడింది. అయిలయ్య చాలాసేపు అలాగే మోకును పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అతని వీపు చెమట నా మీదికి కారింది. నేను అంత భయపడింది ఇంకెప్పుడూ లేదు.

ఆ రోజు ఇంట్లో సత్తెమ్మ నన్ను తుడుస్తూ ఆగిపోయింది. తన చెంబు ఇత్తడి మీద అడ్డదిడ్డంగా గీతలు. వేలితో ఒక్కొక్క గీతనూ తడిమింది.

"చెయ్యి వణుకుతున్నదా?"

"నా చెయ్యా? నీ కండ్లే వణుకుతున్నయి, పో."

"నవ్వులాటగాదు. ఇగ ఇడిసిపెట్టు. ఉన్న బర్రెతోనే బతుకుదాం."

"ఇడిసిపెట్టి ఏం జేయాలె? మండువాల గూసొని ఇంకొకడు గీసిన కల్లు తాగాల్నా?"

ఆమె మళ్ళీ అడగలేదు. ఆ మగవాడు మాటకు లొంగే రకం కాదని ఆమెకు తెలుసు. భయంతో వణికే మనిషినైతే ఆపవచ్చు. తాను వణకడం లేదనుకునే మనిషిని ఎవరు ఆపుతారు?

కొన్నాళ్ళకే పక్క ఊరి నుంచి కబురు వచ్చింది. అయిలయ్య మేనబావ చెట్టు మీంచి పడి పోయాడట. అతనూ గీత మనిషే. ఆ ఒక్కరోజుకు తన చెట్లు చూడమని తోటి గీతకాడికి చెప్పి అయిలయ్య దహనానికి బయల్దేరాడు. సత్తెమ్మ బర్రె ఈనేటట్టుందని చెప్పి ఆగిపోయింది. బర్రె ఇంకా నిండు నెలల్లో పడనే లేదు. అది నింపాదిగా గడ్డి నములుతూ ఉంది, పాపం, తన మీద పడిన అబద్ధం దానికి తెలియదు.

అతను ఊరు దాటగానే సత్తెమ్మ నన్ను కొక్కెం మీంచి తీసి, కత్తితో సహా నీళ్ళ గోలెంలో వేసింది. పైకి తేలకుండా రాయి పెట్టింది. నేను గిలగిల్లాడాను. మరచిపోయిందనుకున్నాను. ఇస్తారి చెప్పిన మాట ఈమె విన్నది కదా, ఇంత పొరపాటు ఎలా చేస్తుందని తిట్టుకున్నాను. పొద్దు వంగేదాకా నానాను. నానీ నానీ ఎప్పుడో ఒరనన్న సంగతే మరచి మళ్ళీ దున్న తోలునయ్యాను. ఆమె నన్ను తీసి, పిడి వరకూ కత్తిని లోపలికి నొక్కి, నా చుట్టూ తాడు బిగించి చుట్టి, పొయ్యి దగ్గర వేలాడదీసింది. పొయ్యి ఆరకుండా తుమ్మ మొద్దులు పెట్టింది. పక్కనే మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, నేను బిగుసుకుంటుంటే చూసింది. ఒకసారి పిడి పట్టుకుని గట్టిగా లాగింది. కదలలేదు. అప్పుడు ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అది పొరపాటు కాదని నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు తెల్లవారుతుండగా అయిలయ్య వచ్చి, స్నానం చేసి, ముస్తాదు కట్టుకుని, అలవాటుగా కత్తి లాగాడు. రాలేదు. నన్ను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని లాగాడు. నేల మీద కొట్టాడు, తిట్టాడు, మళ్ళీ లాగాడు. నేను వదలలేదు. వదలాలన్నా నా చేతిలో లేదు, ఉన్నా వదిలేదాన్ని కాదు. "ఇంకో కత్తి దీసుకపో" అని సత్తెమ్మ అనలేదు. ఆ కత్తి తప్ప వేరే కత్తితో అతను చెట్టెక్కడని ఊరంతటికీ తెలుసు. అతను నన్ను చంకలో పెట్టుకుని దాదాపు పరుగున ఇస్తారి దగ్గరికి పోయాడు.

ఇస్తారి ముసలివాడైపోయాడు. నన్ను తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నీళ్ళల్ల ఏస్తే రేపటికి వదులైతది" అన్నాడు.

"రేపటిదాంక చెట్టాగుతదా ఇస్తారన్నా? పొద్దూమాపూ చెక్కకపోతే గెల ఎండిపోతది. కోసెయ్ దీన్ని. కొత్తది కుట్టిపిచ్చుకుంట."

నా పని అయిపోయిందనుకున్నాను. ఇస్తారి తోలు కోసే రంపెను తీసి, కాసేపు పట్టుకుని, దాన్ని అయిలయ్య వైపు చాపాడు. "నేను కుట్టిన కుట్టు నేను కొయ్య. మా నాయిన కాడికెళ్ళి గంతే. కొయ్యాల్నంటే నువ్వే కొయ్యి."

అయిలయ్య నన్ను ఒళ్ళో పెట్టుకుని రంపెను కుట్టు మీదికి తెచ్చాడు. రంపె కుట్టును తప్పి నా ఒంటి మీద గీసింది. మళ్ళీ తెచ్చాడు. వణికింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని బలంగా ఆపబోయాడు. ఇప్పుడు రెండు చేతులూ వణికాయి. నన్ను ఎన్నోసార్లు పొడిచారు, ఎండగట్టారు, నానబెట్టారు. అవేవీ నాకు ఆ కాసేపంత బాధ కలిగించలేదు. అతను తలెత్తలేదు. ఇస్తారి కూడా వేరే వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి రంపె నేల మీద పెట్టాడు.

"ఎన్నొద్దుల సంది?" అన్నాడు ఇస్తారి.

"ఎండలు ముదిరిన కాడికెళ్ళి. మొన్న పైనుంచి కత్తి జారింది, అన్నా. నేను గూడ జారుతననుకున్న." రంపెను వేలితో దూరంగా నెట్టాడు. "సత్తెకు చెప్పలే. చెపితే ఏడుస్తదని."

ఇస్తారి నన్ను తీసుకుని మళ్ళీ వాసన చూసి అతని చేతిలో పెట్టాడు. "వాన పడక ఎన్ని దినాలాయె? ఇది మంచిగ నానింది. పొయ్యి పొగ వాసనొస్తున్నది. నీకు తెలియంది ఇంట్ల ఒకరికి ఎరికే ఉన్నది తమ్మీ."

అయిలయ్య నా వైపు చూశాడు. ఇన్నేళ్ళలో అతను నన్ను నిదానంగా చూడటం అదే మొదటిసారి. నా మూతి మీది గీతలను బొటనవేలితో తడిమాడు, ఆమె తడిమినట్టే. నన్ను పట్టుకుని లేచాడు.

ఇంటి ముందు సత్తెమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఉంది, ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడుస్తూ. అతను అరుస్తాడని, కొట్టినా కొడతాడని సిద్ధపడి ఉన్నట్టు ఆమె ముఖం బిగుసుకుని ఉంది.

"ఊడిందా?"

"ఊడలే."

"ఇస్తారన్న ఊడదియ్యకపోయిండా?"

అతను నన్ను ఆమె చేతుల్లో పెట్టాడు. "ఊడదీస్తే మళ్ళ ఎక్కుత గదనే."

ఆమె చేతిలోంచి చీపురు జారిపోయింది. నన్ను రొమ్ముకు అదుముకుని వాకిట్లోనే కూలబడింది. అతను పక్కన కూర్చున్నాడు. పొద్దు పైకి వచ్చి, తాటిచెట్ల తలలు మెరిసి, లొట్లు ఇంకా దిగలేదని మండువా నుంచి ఎవరో కేకేసే వరకూ ఇద్దరూ అలాగే ఉన్నారు. కేక విని అయిలయ్య లేవలేదు.

ఇప్పుడు నేను వాళ్ళ ఇంట్లో గోడకు ఉన్నాను. చెట్లు వేరేవాళ్ళు గీస్తున్నారు. అయిలయ్య బర్రెలు కాస్తాడు, వాటి మీద విసుక్కుంటాడు, మండువాకు పోతే ఇంకొకడు గీసిన కల్లు పులిసిందని వంక పెట్టి మరీ తాగుతాడు. నాకు మాత్రం ఇప్పటికీ కుదురు లేదు. వానాకాలం వచ్చిందంటే తడిగాలికి నా పట్టు సడలుతుంది. కత్తి లోపల కాస్త కదిలినట్టనిపిస్తుంది. పోయినేడు ముసురు పట్టిన ఒక పొద్దున అయిలయ్య వచ్చి పిడి మీద చేయి వేశాడు. మెల్లగా లాగాడు. కత్తి వెంట్రుకంత కదిలింది. అది అతనికీ తెలిసింది, నాకూ తెలిసింది. పెరట్లో సత్తెమ్మ బర్రెను పిండుతోంది, ఆమె చూడలేదు. నేను వణికాను, అతని చేయి కూడా వణికింది. అతను నన్ను కొక్కెం మీంచి తీశాడు. తీసి, పిడి వరకూ కత్తిని లోపలికి నొక్కి, పొయ్యి పక్కన వేలాడదీసి, కింద ఇంకో మొద్దు పెట్టాడు.