పొట్టి స్ప్రింగులు

కంచిలి దాటాక రోడ్డు తవ్వి పక్కదారి వేసిన చోట కారు వెనక భాగం ధడేల్మని కొట్టుకుంది. వెనక సీట్లో పోలారావు ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పొద్దున్న విశాఖ ఆసుపత్రిలో సూదులు గుచ్చి రక్తం కడిగిన చెయ్యి అది. డొంకూరులో ఇంటి ముందు దిగాక, కారు నడిపిన తమ్ముడి మొహం చూడకుండా అన్నాడు.

"గోవిందూ, ఈ కారులో నాను మరి రాను."

"మరెలగొత్తావన్నియ్యా?"

"రానంటన్నాను గదా. ఇలగా లేదు, అలగా లేదు."

విశాఖ దాకా బస్సులో పోయి రాగల ఒళ్ళు కాదతనిది. రైలుకి పోదామంటే స్టేషను మెట్లు ఎక్కలేడు. సోమవారం డయాలసిస్‌కి పోకపోతే ఒంట్లో నీరు నిలిచిపోతుంది. ఆ తర్వాత ఊపిరాడదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పోలారావు భార్య అమ్ములు గుమ్మంలో నిలబడి మరిదికేసి చూసింది.

"ఆ కారుకేటి సేసినావో, ముందు అది సూడు," అంది.

చేసింది గోవిందే. తిరిగి వచ్చే ప్రతిసారీ నరసన్నపేట దగ్గర అన్న కారాపించి వాంతి చేసుకునేవాడు. గోతుల్లో, మలుపుల్లో కారు ఊగడం వల్లే అనుకున్నాడు గోవిందు. ఊగితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. చిన్నప్పుడు అన్నతో చేపల వేటకి వెళ్ళి, కెరటాలు దాటగానే పేగులు బయటికొచ్చేలా కక్కాడు. అన్న తన తువ్వాలు తడిపి మొహాన వేసి, వలల మీద పడుకోబెట్టాడు. మరోసారీ అలాగే అయ్యాక, "నీది మట్టి కడుపురా, పోయి బండి నేర్సుకో," అన్నాడు. సముద్రం మీద బతికే ఇంట పుట్టి సముద్రం పడనివాడని ఊరంతా నవ్వింది. గోవిందు బండి నేర్చుకున్నాడు.

పొట్టి స్ప్రింగులు వేస్తే కారు నేలకి దిగి ఊగదని తోటి డ్రైవరెవరో చెబితే, విశాఖ నుంచి తెచ్చి వేయించాడు. ఊగడం ఆగింది. వాంతులు మాత్రం ఆగలేదు. దానికి తోడు ఈ చప్పుళ్ళు, ఈ దెబ్బలు వచ్చిపడ్డాయి.

మర్నాడు కారు పలాసలో ఢిల్లేశ్వరరావు షెడ్డుకి తీసుకుపోయాడు. ముసలి మెకానిక్ చుట్టూ తిరిగి చూశాడు.

"పెళ్ళికూతురులాగ నేల సూసుకుంతూ వచ్చింది. ఎవడేసినాడు?"

"తెలిసినోడే."

"నన్నడిగితే వద్దందును గదా."

"అందుకే అడగలేదు మావా."

ముందు చక్రం విప్పితే స్ప్రింగు కొస దాని గాడిలో కూర్చోలేదు. స్టీరింగు తిప్పినప్పుడు టంగుమనేది అదే. సరిగ్గా కూర్చోబెట్టాక ఆ చప్పుడు పోయింది. వెనక కిర్రుకిర్రుమనేది రబ్బరు బుష్షులు.

"కారు జాకీ మీదుండగానే బోల్టులు బిగించీసినాడు. దించేసరికి రబ్బరు మెలిపడిపోయింది. బరువు నేల మీద పడ్డాకే బిగించాల," అన్నాడు ఢిల్లేశ్వరరావు. వాటిని వదులు చేసి, కారు దించి మళ్ళీ బిగించాడు. ఇద్దరూ సుమ్మాదేవి దాకా పోయి వచ్చారు. కిర్రుమనడం లేదు. కానీ గొయ్యి వస్తే ఆ ధడేలు అలాగే ఉంది.

ఢిల్లేశ్వరరావు కింద దూరి చూసి, ఒరుసుకుపోయిన రబ్బరు ముక్కని వేలితో తట్టాడు.

"స్ప్రింగు పొట్టిది, షాకబ్జరు పాతదే. దిగడానికి జాగా లేదు. వెనక మనిషి కూసుంతే సాలు, దీని మీదకొచ్చి కొట్టుకుంతాది. పొట్టి షాకబ్జర్లు తెప్పించాల."

"సోమారం పోవాల మావా."

ముసలాయన కత్తి తీశాడు. రబ్బరు కొంత కోశాడు. "తగ్గుతాది. పోదు."

ఆదివారం పొద్దున్న అమ్ములు బతిమాలితే పోలారావు కారెక్కాడు. గోవిందు ఒడ్డు దాకా మెల్లగా నడిపాడు. దెబ్బ తగ్గింది. అయినా అద్దంలో చూస్తే అన్న చెయ్యి పట్టుకునే ఉన్నాడు. గోవిందు కారాపేశాడు.

"ఎందుకురా దీన్నిలగ పాడుసేసినావు?"

"ఊగుతాదని."

"ఊగితే?"

"నీకు కక్కొత్తాదని."

పోలారావు ఇసుక మీద బోర్లించిన తెప్పలకేసి తలతో చూపించాడు.

"ఊపుకి నాకెప్పుడొచ్చిందిరా? మిషను మీంచి దిగితే అలగే ఉంతాది. ఆ నర్సమ్మే సెప్పింది. కక్కీసినాక కారు ఊగుతుంతే నావలో పడుకున్నట్టుండీది. ఇంటి దగ్గర నాకు కన్ను మూతపడదు. ఆ కాసింత నిద్దరే నాది. అదీ తీసీసినావు."

"సెప్పలేదేటన్నియ్యా?"

"నువ్వడిగినావేటి? నీ కడుపుతో నా కడుపు కొలిసీసినావు."

గోవిందు కారు వెనక్కి తిప్పాడు. పాత స్ప్రింగులు పెరట్లోనే ఉన్నాయి. ఎండుచేపల మీద పరదా ఎగిరిపోకుండా అమ్ములు వాటిని బరువు పెట్టుకుంది. తీయబోతే, "ఆటికి బదులు రాళ్ళు పెట్టి తీసుకుపో," అంది. రాళ్ళు పెట్టి తీసుకున్నాడు. ఉప్పుగాలికి పైన తుప్పు పట్టాయి, అంతే.

ఈసారి పలాసకి పోలారావు కూడా వచ్చాడు. స్ప్రింగులు మార్చి కారు దించాక ఢిల్లేశ్వరరావు బస్తాల కోసం చూశాడు. "వెనక బరువుండాల. అప్పుడు బిగిత్తాను."

"బస్తాలెందుకు? నాను కూసుంతాను," అన్నాడు పోలారావు.

"నీ ఒంట్లో బరువేటుంది బాబూ?"

"నీరుందిలే. రేపు తీసేత్తారు, ఇయ్యాలే కొలుసుకో."

పోలారావు వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. అతని కింద కారు నెమ్మదిగా దిగి నిలిచింది. ముసలాయన నేల మీద పడుకుని ఒక్కొక్క బోల్టే బిగించాడు. అంతసేపూ పోలారావు కదలలేదు.

"రేపెన్నింటికి బయల్దేరాల?" అని దిగుతూ తమ్ముణ్ణి అడిగాడు.

సోమవారం తిరుగుదారిలో నరసన్నపేట దగ్గర పోలారావు కారాపించి వాంతి చేసుకున్నాడు. గోవిందు తన తువ్వాలు తడిపి అన్న మొహాన వేసి, సీటు మీద వాల్చి పడుకోబెట్టాడు. టెక్కలి వచ్చేసరికి వెనక నుంచి నిండు ఊపిరి వినిపించింది. కంచిలి దగ్గర పక్కదారిలో, ఎప్పటిలా గోతులు తప్పించి నడపలేదు. కారుని దాని ఇష్టానికి వదిలాడు. అది ఇటొరిగి అటొరిగింది. దాంతో పాటు అన్న తల కూడా ఒరుగుతోంది. గోవిందుకే కడుపులో తిప్పినట్టయింది. కిటికీ అద్దం దించుకుని నడిపాడు.

డొంకూరులో అమ్ములు గుమ్మంలో కూర్చుని ఉంది. ఆపితే అన్న లేస్తాడు. గోవిందు ఆమెకి చెయ్యి ఊపి, ఇల్లు దాటించి, గోతులున్న ఒడ్డు దారిలోకి మెల్లగా తిప్పాడు.