అచ్చియ్యమ్మ ఎత్తిన వాసన

పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి జల్లి, అడ్డచుట్ట నోట పెట్టుకుని, అచ్చియ్యమ్మ వాసనలు ఎత్తడానికి బయలుదేరేది. చోడవరానికి కూతవేటు దూరంలో ఉన్న నీలాలపేటలో రోజూ ఎవరింట్లోనో ఆవిడకి పని ఉండేది. అటక మీద చచ్చిన ఎలక, పులిసిన చెరకు మడ్డి, చాన్నాళ్ళుగా లేవని జబ్బుమనిషి పక్క. ఆవిడ గుమ్మంలో నిలబడి, కొంగు పరిచి గాలిలో తిప్పి, ముడేసుకుని, గెడ్డ అవతల తాటితోపులో విదిలించి వచ్చేది. ఉన్నవాళ్ళు సోలెడు చోళ్ళు పెట్టేవారు. లేనివాళ్ళు మజ్జిగ పోసేవారు.

ఈ కథ చెప్పేవాడి ఇంటికీ ఓసారి వచ్చింది. గూట్లో పెట్టుకున్న రాతల ముక్కవాసన ఎత్తుకుపోయింది. రాతలోనే ఉన్న వాసన మాత్రం తన వల్ల కాదని మొహం మీదే చెప్పేసింది.

పేటలోకి పరాయి మనిషి వస్తున్నాడంటే ముందు అచ్చియ్యమ్మకి కబురు వెళ్ళాలి. చుట్టం మంచం మీద కూర్చునేలోగా ఇంటి వాసన తీయించడం అక్కడ కాళ్ళకి నీళ్ళివ్వడం లాంటి మర్యాద.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు పంచాయితీ బోర్డువాళ్ళు ఎరువు డిపోకి స్థలం చూసేరు. చోడవరంలో పాయిఖానా దొడ్లు ఎత్తిన బళ్ళన్నీ వచ్చి అక్కడ గోతుల్లో పారబోస్తాయి. మీద చెత్త కప్పితే కొన్నాళ్ళకి అదే ఎరువు. ఆ స్థలం నీలాలపేట నూతికి సరిగ్గా ఎగువనున్న మెరక.

ఈ సంగతి బెల్లం తోలుకెళ్ళిన సత్యారావు సంతలో విన్నాడు. పేటకి పెద్ద రైతు, మాటకారి. ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"నూతికి ఎగస్సన తవ్వుతారట," అన్నాడు.

అచ్చియ్యమ్మ కోడలు చిన్నతల్లి అప్పుడే ఎదర నూతిలో నీళ్ళు తోడుతోంది. ఆ మాట వినగానే చేంతాడు చేతిలోంచి జారిపోయింది. పేటంతా గెడ్డ నీళ్ళు తాగే రోజుల్లో వాంతిబేదులొచ్చి దాని తొలిచూలు గుంటడు పోయేడు. ఆ ఏడే ఊరంతా చెయ్యేసి ఆ నుయ్యి తవ్వుకున్నారు. ఇప్పుడు మళ్ళీ దానికి ఏడో నెల.

సత్యారావు తాలూకా ఆఫీసు గుమ్మాలన్నీ తిరిగేడు. ఈలోగా మెరక మీద గొయ్యి తవ్వేరు, బళ్ళు రెండు వచ్చి ఒంపేయి. చెరకు తోటలో మేసే మేకలు కూడా తలెత్తి చూసేయి. చివరికి హెల్త్ ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. పేరు కృపారావు. కొత్తగా వచ్చినవాడు, ఎవరి కాఫీ తాగడని పేరు.

ఆయన సైకిలు దిగేసరికి పేటంతా మెరక మీద ఉంది. ఊపిరి బిగబట్టి గోతి అంచున నిలబడ్డాడు. నెమ్మదిగా వదిలేడు. గట్టిగా పీల్చేడు. మళ్ళీ పీల్చేడు.

"ఏదండీ వాసన?"

అందరూ ముక్కులెగరేసి చూసేరు. మల్లెపందిరి కింద నిల్చున్నట్టుంది. అందరి తలలూ ఒకేసారి అచ్చియ్యమ్మ వైపు తిరిగేయి. ఆవిడ గోతికి అవతల కొంగు ముడేసుకుంటోంది. పొద్దుటినించీ ఎత్తుతూనే ఉంది పాపం. ఇన్‌స్పెక్టరు రాగానే, పెద్దమనిషి కదా అని, దగ్గరకొచ్చి ఆయన మొహం చుట్టూ కూడా ఓసారి కొంగు తిప్పి వెళ్ళింది.

"నిన్నటిదాకా ఉందండి," అన్నాడు సత్యారావు. "ఈ పిన్ని ఎత్తీసినాది."

"ఎవరు ఎత్తమన్నారు?"

సత్యారావు నేల చూపులు చూసేడు. "నానేనండి. తమరొస్తన్నారని."

కృపారావు అచ్చియ్యమ్మకి నమస్కారం పెట్టేడు. "మంచి పని. రోజూ ఎత్తించండి. ఇంక అభ్యంతరం ఏముంది?"

"నుయ్యో బాబూ?" వెనకనించి చిన్నతల్లి అడిగింది.

"నీళ్ళు వాసనొచ్చిన్నాడు కబురు పెట్టమ్మా. ఆ రోజే బళ్ళు ఆపిస్తాను. ఇది నా మాట."

సైకిలు వెళ్ళిపోయింది. ఎవర్ని తిడదామన్నా ముందు తమనే తిట్టుకోవాలి. అంత మర్యాదస్తులు.

"పిన్నీ, ఇంక గోతుల కాడిది ముట్టుకోకు," అన్నాడు సత్యారావు. "నీళ్ళు కంపు కొట్టనీ. చెంబుతో అట్టుకెళ్ళి ఆయన ముక్కుకాడ పెడదాం."

"అలాగేరా నాయనా. నాకేటి సరదావా?"

కానీ మెరకగాలి తిరిగితే చిన్నతల్లి కడుపులో ఏమీ నిలవడం లేదు. నూతి దగ్గరకెళ్తే చాలు, గట్టు పట్టుకుని డోక్కునేది. చూడలేక అచ్చియ్యమ్మ రోజూ తెల్లారకుండా వెళ్ళి, నూతి చుట్టుపక్కల మాత్రం ఎత్తి వచ్చేది. కడుపుతో ఉన్న గుంట కదా, ఎవరూ అడ్డు చెప్పలేదు. అందరూ రోజూ బిందెలో ముక్కుపెట్టి చూసుకునేవారు. ఏమీ లేదు. మన నుయ్యి గట్టిదేరా అనుకుని, తాగి, పనుల్లోకి పోయేవారు.

ఓనాడు మసక మసగ్గా ఉండగానే కృపారావు నూతి దగ్గర సైకిలు పారేసి వచ్చేడు. గడ్డం మాసింది. అచ్చియ్యమ్మ అప్పుడే కొంగు విప్పబోతోంది.

"అమ్మా, నా ముక్కేం చేశావు?"

"ఏటయ్యింది బాబూ?"

"ఆ రోజునించీ నాకు ఏ వాసనా లేదు. కాఫీ లేదు, సబ్బు లేదు. పోనీ అనుకున్నాను. నిన్న వంటింట్లో కిరసనాయిలు ఒలికిందిట. నాకు తెలీదు. అగ్గిపుల్ల గీయబోతుంటే మా ఆవిడ చెయ్యి పట్టుకు లాగింది. పక్కనే ఉయ్యాల్లో పిల్ల."

అచ్చియ్యమ్మ నోట్లో చుట్ట కింద పడింది. "మొహం కాడ మరీ దగ్గరగా తిప్పీసేను గావాల. ఊడొచ్చీసినాది."

"ఎక్కడుంది ఇప్పుడు?"

"ఆ కోక ఇక్కడే ఉతికీసేను బాబూ, ఈ గట్టు మీదే. నీళ్ళలో కలిసిపోయుంటాది. కడుక్కో, వచ్చీస్తాది. నేనీ పూట కొంగు విప్పను. విప్పితే వచ్చింది మళ్ళీ పోద్ది."

ఈలోగా చిన్నతల్లి బిందె పట్టుకొచ్చింది. సత్యారావూ, నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళూ చుట్టూ చేరేరు. చిన్నతల్లి చేద వేసి తోడింది. కృపారావు మొహం కడుక్కున్నాడు. ఏమీ లేదు. మళ్ళీ కడుక్కున్నాడు. ఓ గుక్క నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు.

ముందు తడిసిన చేంతాడు వాసన వచ్చినట్టుంది, మొహం విప్పారింది. తరవాత పాకం పొయ్యి, ఎక్కడో పేడ. చంటిపిల్లాడిలా నవ్వబోయేడు. ఆ నవ్వు సగంలోనే నిలిచిపోయింది. కళ్ళు తెరిచి దోసిట్లో మిగిలిన నీళ్ళకేసి చూసేడు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. మింగడు, ఉమ్మడు.

సత్యారావు చేద ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నెమ్మదిగా గట్టు మీద దించేడు.

"ఎన్నాళ్ళబట్టి తాగుతన్నాం పిన్నీ?"

అచ్చియ్యమ్మ తన కొంగు కేసి చూసుకుంది. గాలి వాసన అనుకుని తను రోజూ ఎత్తింది నీళ్ళ వాసన.

చిన్నతల్లి గట్టు అవతల బిందె నింపుకుంటూ ఇవేవీ వినలేదు. ఈమధ్య దాహం ఆగదు దానికి. అత్త పొద్దున్నే వచ్చి ఉంది కదా, వాసన ఎత్తే ఉంటుందిలే అనుకుని, అయినా అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టి, బిందెలోంచి చెంబు ముంచి పైకెత్తింది. కృపారావు నోట్లో నీళ్ళున్నాయి, మాట్లాడలేకపోయేడు. చెయ్యి చాపి, ఆ చెంబు మూతిని అరచేత్తో మూసేసేడు.

అది ఆయన మొహంలోకి చూసింది. చెంబు దించింది. రెండో చెయ్యి కడుపు మీదకి పోయింది.

మెరక మీదనించి ఆవేళ్టి మొదటి బండి చప్పుడు వినిపించింది. కృపారావు సైకిలు సంగతి మరిచిపోయి, నోట్లో నీళ్ళు అలాగే పట్టుకుని, ఆ బండికి ఎదురు నడిచేడు.