చేటెడు తవుడు

పోతురాజు చిన్నకొడుకు చెడిపోయింది తల్లి రక్తం వల్ల. ఆమె తండ్రి వలల తగాదాలో మనిషిని నరికి జైలుకెళ్లినవాడు. భార్య పోయి నాలుగేళ్లయినా పోతురాజు ఆమెను క్షమించలేదు. నిన్న ఆ కొడుకు ఈశ్వర్ పడవ తెడ్డుతో పెళ్లాం తులసి చెయ్యి విరగ్గొట్టాడు. పోలీసులు వచ్చి అతన్ని పట్టుకుపోయారు. తులసి పసికూన ఉయ్యాలలో ఉండిపోయింది.

ఈవేళ మరదలు తవిటమ్మ చేటెడు తవుడు పట్టుకుని వచ్చింది. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో, తరవాత పుట్టిన బిడ్డను తవుడికి అమ్మి వేరే చేతుల్లో పెట్టడం వాళ్ల ఆచారం.

"ఆస్పత్రిలో తులసే సెప్పింది బావా. పిల్లని నాకిచ్చీ."

"దీనికీ ఆ రక్తమే ఉన్నాది. నీ ఇంట పెరిగితే మారిపోద్దేటి?"

"నీ పెద్దకొడుకునీ ఇలాగే తవుడికి కొన్నాం కాదేటి? ఆడూ మా అక్క కడుపునే పుట్టినాడు. జైలు నుంచొచ్చిన మా అయ్య ఒళ్లోనే పెరిగినాడు. ఈ రోజుకీ కుక్కనైనా కొట్టలేదు. ఈశ్వర్ పెరిగింది నీ కాడ. మా అక్క మీద నువ్వు తెడ్డెత్తినప్పుడల్లా మూల కూకుని సూసీవోడు."

పోతురాజు గోడ మూలకు చూశాడు. అక్కడ తెడ్డు లేదు, పోలీసులు తీసుకుపోయారు. అది ఈశ్వర్‌ది కాదు, తనదే.

ఉయ్యాలలోంచి మనవరాలిని తీసి తవిటమ్మ చేతుల్లో పెట్టాడు. తవుడు చేట అందుకున్నాడు.

"తీసుకుపో. సచ్చేదాకా ఈ రక్తం మాట నేనెత్తను. నువ్వూ నా కాడ ఎత్తకు."