వాగులో ఇచ్చిన చరణం

మా కౌంటీలో జడ్జి అంటే కోర్టులో కూర్చునేవాడు కాదు. రోడ్లు, చెత్త బండ్లు, జైలు కప్పు కారడం, అన్నీ చూసుకునే పెద్ద. చట్టం పుస్తకం ముట్టకపోయినా చచ్చేదాకా జడ్జి అనే పిలుస్తారు. లోనీ సైజ్‌మోర్ ఆ కుర్చీ దాకా కంకర మీద నడిచొచ్చాడు. ఎన్నికల ముందు కౌంటీ లారీ ఎవరి వాకిట్లో కంకర దిమ్మరించి పోతే ఆ ఇంటి ఓట్లు అతనివే. ఆ లారీ తోలింది నేనే. బడి మానేసినవాడికి కెంటకీ కొండల్లో రెండే దారులు, బొగ్గు గని, కౌంటీ లారీ. గనులు మూతపడ్డాయి. లారీ మిగిలింది.

పోయిన వేసవిలో లారెల్ వాగు పొంగి మా అక్క వెర్నా ఇంటి ముందు వంతెన కొట్టుకుపోయింది. బావ హెర్షెల్ బతుకంతా గనిలో దుమ్ము మింగినవాడు. ముక్కుకు గొట్టం లేకపోతే మంచం మీద కూడా ఊపిరాడదు. ఆక్సిజన్ సిలిండర్ల బండి అవతలి గట్టునే దించిపోయేది. అక్క వాటిని ఒక్కొక్కటిగా భుజానికెత్తుకుని మోకాటి లోతు నీళ్లలో దాటించేది.

మా వైపు వంతెనకు ఇంజనీర్లు అక్కర్లేదు. పాత గూడ్సు రైలు పెట్టె అడుగు చట్రం తెచ్చి రెండు గట్ల మీద పడేస్తే అదే వంతెన. అలాంటి చట్రం ఒకటి కౌంటీ యార్డులో పిచ్చిమొక్కల మధ్య పడి ఉంది. క్రేన్ కూడా ఉంది. ఒక్క పూట పని. జడ్జిని అడిగాను. చూద్దామన్నాడు. ఆకులు రాలే కాలానికి మళ్లీ అడిగాను. అప్పటికే అతని కన్ను గవర్నరు కుర్చీ మీద పడింది.

రాజధాని నుంచి ఒకడు కెమెరా పట్టుకుని వచ్చాడు. వంతెన పోయి మిగిలిన మొండి గోడ పక్కన జడ్జి చొక్కా చేతులు మడుచుకుని నిలబడి, రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూర్చున్నవాళ్లకు ఈ వాగు కనబడదని, తనకు కనబడుతుందని చెప్పాడు. తను ఇక్కడి చర్చిలోనే పాటలు నేర్చుకున్నానని కూడా చెప్పాడు. వెనకాల అక్క సిలిండరు మోస్తూ నీళ్లలోకి దిగడం తీశారు. వెలుతురు సరిపోలేదని మళ్లీ దింపారు. సాయం చేస్తారేమోనని ఆవిడ మళ్లీ దిగింది.

ఆ ముక్క రాష్ట్రమంతా టీవీల్లో తిరిగింది. సైజ్‌మోర్ ఎవడని అడిగినవాళ్లే వాగు జడ్జి అనడం మొదలుపెట్టారు. నేను మళ్లీ వెళ్లి చట్రం సంగతి ఎత్తాను. జడ్జి లేచి తలుపు మూశాడు.

"డొయిల్, ఆ వాగు ఇప్పుడు నాకు నీ లారీ కంటే ఎక్కువ పనిచేస్తోందిరా. మే నెలలో పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నిక అయిపోనీ. మీ బావకి బంగారు వంతెన వేయిస్తా."

"అందాకా ఆయన ఉండాలి గదా, జడ్జీ."

"హెర్షెల్ మొండి ఘటం. ఉంటాడు."

ఆ రోజే క్రేన్ తాళం నా తాళాల గుత్తి నుంచి అతని బల్ల సొరుగులోకి పోయింది. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్లను చాలామందిని చూశాను. తను ఏరు దాటడానికి పక్కవాడి తెప్ప విరిగే ఉండాలనేవాణ్ణి అప్పుడే చూశాను.

మార్చి వానలకు వాగు మళ్లీ పొంగింది. సిలిండర్ల బండి వచ్చి గట్టున నిలబడి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున అంబులెన్సు వచ్చి అదే గట్టున నిలబడింది. అందులోని కుర్రాళ్లు నడుముకు తాడు కట్టుకుని దాటి వచ్చేసరికి బావ పెదాలు నీలంగా ఉన్నాయి. అక్క అప్పటికే ఆయన కళ్లు మూసేసింది.

మాది పాతకాలపు బాప్టిస్టుల చర్చి. వాయిద్యం ఉండదు. చర్చి పెద్ద ఒక చరణం గబగబా చెబితే జనం దాన్ని అందుకుని, కొండ దిగే పొగమంచులా నెమ్మదిగా సాగదీసి పాడతారు. చరణం ఇవ్వడం అంటాం. ఇచ్చిన చరణాన్ని ఎవరూ అందుకోకపోతే ఆ మనిషిని బతికుండగానే పూడ్చినట్టు.

నీళ్లు కాస్త తగ్గాక శవపేటికను వాగు దాటించాల్సి వచ్చింది, సమాధులు అవతలి కొండ మీద కాబట్టి. జడ్జి నల్లకోటుతో వచ్చాడు, వెనకే కెమెరా. తనూ భుజం పెడతానన్నాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"రానీరా తమ్ముడూ," అంది అక్క.

వాగు మధ్యకు వెళ్లేసరికి అక్క వెనక నుంచి ఆగమంది. ఆగాం. నీళ్లు తొడల్ని కోస్తున్నాయి.

"జడ్జీ, పాటలు ఇక్కడే నేర్చుకున్నానన్నావుగా టీవీలో. ఆయనకో చరణం ఇవ్వు."

చర్చి పెద్ద ఎస్టిల్ తాత తల దించుకున్నాడు. జడ్జి ఒకసారి కెమెరా వైపు చూసి, గొంతు సవరించుకుని చరణం ఇచ్చాడు. తప్పు లేకుండానే ఇచ్చాడు.

ఎవరూ అందుకోలేదు.

వాగు చప్పుడు తప్ప ఇంకేం లేదు. మళ్లీ ఇచ్చాడు. గట్టు మీద అందరూ ఉన్నారు, అతనితో బళ్లో చదివినవాళ్లు, వాకిట్లో అతని కంకర పోయించుకున్నవాళ్లు. అందరి చూపూ నేల మీదే. మూడోసారి ఇచ్చేటప్పుడు గొంతు వణికింది. పేటిక బరువంతా భుజం మీద ఉంది, పారిపోవడానికి లేదు.

"చాల్లే. ఇక నడవండి," అంది అక్క.

ఆ పూట నేను చిక్కుడు గింజల పులుసు, మొక్కజొన్న రొట్టె కడుపు నిండా తిన్నాను. లోనీ సైజ్‌మోర్‌ను పూడ్చేశామనే అనుకున్నాను.

వారం తిరక్కుండా అది టీవీలో వచ్చింది. లూయివిల్, లెక్సింగ్టన్ నగరాలవాళ్లకు మా చరణాల సంగతి ఏం తెలుసు? వాళ్లకు కనబడింది వేరు. చలినీళ్లలో పేదవాడి శవపేటిక మోస్తూ ఒక పెద్దమనిషి ఒంటరిగా పాడుతున్నాడు, జనమంతా తలలు వంచి వింటున్నారు, ఆఖర్న ఆయన గొంతు పూడుకుపోయింది. చూసినవాళ్లు ఏడ్చారట. మేము పెట్టిన శాపం వాళ్ల చెవులకు దీవెన అయింది. మేలో జడ్జి పార్టీ ఎన్నిక చేతులూపుకుంటూ గెలిచాడు. ఇక మిగిలింది నవంబరులో అసలు ఎన్నిక.

జూన్‌లో క్రేన్ తాళం నా చేతికొచ్చింది. ఇచ్చిన మాట నిలబెట్టుకున్న బొమ్మ కావాలట ఇప్పుడు. చట్రం ఎత్తి గట్ల మీద పెట్టి బోల్టులు బిగించాను. ఒక్క పూటే పట్టింది. వంతెనకు తగిలించిన పలక మీద హెర్షెల్ పేరు, దాని కింద అంతకంటే పెద్ద అక్షరాలతో సైజ్‌మోర్ పేరు.

ప్రారంభానికి లోయంతా కదిలొచ్చింది. మన కౌంటీవాడు గవర్నరైతే రోడ్లొస్తాయి, ఉద్యోగాలొస్తాయి అని ఒకటే గుసగుసలు. జడ్జి వంతెన మధ్య నిలబడి టోపీ తీసి, ఉపన్యాసమేమీ లేకుండా అదే చరణం ఇచ్చాడు.

క్షణంపాటు వాగు వినబడింది. తర్వాత ఎస్టిల్ తాత అందుకున్నాడు. చర్చికి కొత్త కప్పు వేయిస్తానని జడ్జి అంతకుముందే చెప్పాడట. ఆ వెనక ఆడవాళ్లు, ఆ వెనక అందరూ. అంత నిండుగా ఆ పాట బావ సమాధి దగ్గర కూడా పాడలేదు.

అక్క ఇంట్లోంచి బయటికొచ్చింది. ఆవిడ కోసం వంతెన మీద జనం పాడుతూనే దారి ఇచ్చారు. కెమెరా అటు తిరిగింది. అక్క వంతెన ఎక్కలేదు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, పక్కనుంచి వాగులోకి దిగింది. జడ్జి పాట ఆపకుండానే వేలు ఆడించాడు. కెమెరా మళ్లీ అతని మీదికి పోయింది.

ఆవిడ ఇవతలి గట్టెక్కి నా క్రేన్ దగ్గర ఆగింది. గౌను అంచు పిండుకుంది.

"ఈసారి బాగా అందుకున్నారురా," అంది.