ఖల్లాఫ్ తల్లి పేరు

విమానం దిగినప్పటి నుంచీ మా వియ్యపురాలు నా చేతిసంచి పట్టీ వదల్లేదు. చెయ్యి పట్టుకోమంటే మాత్రం పట్టుకోలేదు.

"నేనేమైనా గుడ్డిదాన్నా? నీకు బరువని సంచి పట్టుకున్నా, అంతే," అంది.

ఆ సంచిలో ఉన్నవన్నీ ఆవిడ మందులే. ఇన్సులిన్, సూదులు, చక్కెర బాగా తగ్గిపోతే నోట్లో వేయడానికి ఒక పొట్లం ఖర్జూరాలు. ఈజిప్టులో, మా సోహాగ్‌లో బయల్దేరే ముందు నా అల్లుడు ఖల్లాఫ్ ఫోన్‌లో మరీమరీ చెప్పాడు. "అత్తా, ఆ సంచి నీ దగ్గరే ఉంచుకో. మా అమ్మ చేతికిస్తే ఖర్జూరాలు విమానం అంతా పంచిపెడుతుంది. ఆ తర్వాత తనే పడిపోతుంది."

పడిపోవడం నేను చూశాను. పోయిన రంజాన్ పండక్కి వాళ్ళింట్లో పిండి కలుపుతూ కలుపుతూ పక్కకి ఒరిగిపోయింది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే దక్కేది కాదన్నాడు డాక్టరు. ఈ రోజు పొద్దున్న సూది వేసుకుంది. విమానంలో పెట్టిన భోజనం మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూసేసింది. "దీనికి ఆసుపత్రి వాసన. మా అబ్బాయి ఇంట్లో తింటాలే," అంది. ఆ మాట దగ్గర్నుంచే నేను గంటలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

మా అమ్మాయి నజ్లాకి నెలలు నిండాయి. డాక్టరు మంచం దిగొద్దన్నాడు. అందుకని అమ్మమ్మా నాయనమ్మా ఇద్దరం ఒకేసారి దుబాయ్ వచ్చాం. ఆవిడ ఎండిన ఆకుకూర, ఎండలో పొంగించిన రొట్టెలు మూటగట్టుకుంది. నేను నా భయం తెచ్చుకున్నాను.

జనంలోకి వెళ్ళిన మనిషి మళ్ళీ కనబడడని నా భయం. నా భర్త ఇరాక్‌లో పనికని నువైబా రేవులో ఓడ ఎక్కాడు. మెట్ల మీద వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. వెనకవాళ్ళు తోశారు. ఆ తలల్లో ఆయన తల ఏదో మళ్ళీ పోల్చుకోలేకపోయాను. ఆయన రాసిన ఉత్తరాలు ఎవరిచేతా చదివించుకోవడం ఇష్టంలేక అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకునేసరికి ఉత్తరాలు ఆగిపోయాయి. అప్పట్నుంచి ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్ళినా, వాళ్ళ వీపు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను.

ఇక్కడ మలుపులు తప్ప మరేమీ లేవు. ఎటు చూసినా అద్దం, బంగారు రంగు దీపాలు, లోపలే పెరిగిన ఖర్జూరపు చెట్లు, గోడ మీంచి జారే నీళ్ళు. నేల మరీ నున్నగా మెరుస్తోంది. మా వియ్యపురాలు ఉమ్ ఖల్లాఫ్ ఠక్కున ఆగి గౌను అంచు పైకెత్తింది.

"వదినా, నీళ్ళు!"

"నీళ్ళు కాదు, రాయి."

"రాయిని ఇంత నున్నగా ఎందుకు రుద్దారు? మనలాంటివాళ్ళు పడితే చూసి నవ్వడానికా?" అని చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది.

కాస్త దూరం నడిచాక జనమంతా ఒక గాజు తలుపుల వరస ముందు ఆగారు. అవతల రైలు వచ్చి నిలబడింది. నడిపేవాడు లేడు. పాస్‌పోర్టులు చూసే చోటికి అందులో వెళ్ళాలని ముందున్నాయన ఎవరికో చెబుతున్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. తలుపు మీద బోర్డు ఉంది. నేను ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదువుతాను, అలా చదివితేనే నాకు ధైర్యం.

"ఇదేనా?" అంది ఉమ్ ఖల్లాఫ్.

"ఉండు, చదవనీ."

"నువ్వు చదివేలోపు నజ్లా కొడుక్కి మీసాలొస్తాయి."

వెనక నుంచి ఒక పెద్ద కుటుంబం పిల్లలతో, పెట్టెలతో వచ్చిపడింది. సంచి పట్టీ ఒక్కసారి బిగిసి, వదులైంది. నేను బోర్డు మీంచి కళ్ళు తిప్పేసరికి ఆవిడ గాజుకి అవతల ఉంది. చెప్పులు గుండెకి హత్తుకుని నా వైపే చూస్తోంది. పెదాలు కదిలాయి. మాట వినబడలేదు. రైలు వెళ్ళిపోయింది.

సంచి నా భుజానే ఉంది.

తర్వాతి రైలు వెంటనే వచ్చింది, అయినా నాకు అది వచ్చేలోపు ఒక జన్మ గడిచినట్టుంది. అవతల దిగి చూస్తే ఆవిడ లేదు. తలుపుల దగ్గర లేదు, బెంచీల మీద లేదు. దూరంగా నల్ల దుస్తుల్లో ఒక ముసలావిడ వంగి నడుస్తూ కనబడింది. పరుగెత్తి భుజం పట్టుకున్నాను. తిరిగిన ముఖం ఎవరిదో. ఆవిడ వెనక అలాంటివాళ్ళే ఇంకా ఉన్నారు, బస్రా నుంచి వచ్చిన ఆడవాళ్ళ గుంపట. అందరూ నల్ల అబాయాల్లోనే, అందరూ ముసలివాళ్ళే. ఒక్కొక్కరి ముఖంలోకీ తొంగి చూస్తూ పోయాను. ఒకావిడ "ఎవర్ని పోగొట్టుకున్నావమ్మా?" అని అడిగింది. నేను అప్పటికే పక్కావిడ ముఖంలోకి చూస్తున్నాను.

సమాచారం అని రాసి ఉన్న బల్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. సిరియా యాస. లమీస్ అని చొక్కా మీద పేరు.

"మా వియ్యపురాలు తప్పిపోయింది. చక్కెర జబ్బు మనిషి. పొద్దున్న సూది వేసుకుంది, ఏమీ తినలేదు. మందులు నా దగ్గరున్నాయి. మైకులో పిలువు తల్లీ, దండం పెడతా."

"ఇక్కడ మైకులో పిలవరు పెద్దమ్మా. అందుకే చూడండి, ఎంత నిశ్శబ్దంగా ఉందో. కంగారుపడకండి, వెతికిస్తాను. ఆవిడ పేరు?"

"ఉమ్ ఖల్లాఫ్."

"ఖల్లాఫ్‌కి తల్లి, సరే. పాస్‌పోర్టులో ఏముంది?"

ఆవిడ ఇంటికి నా కూతుర్ని ఇచ్చాను. ఆవిడ వంట తిన్నాను, ఆవిడతో పోట్లాడాను, ఆవిడ జ్వరానికి తడిగుడ్డ వేశాను. పేరు తెలియదు. మా వైపు కొడుకు పుట్టిన రోజునే ఆడదాని పేరు అటకెక్కుతుంది. వేరే ఊరి నుంచి కాపురానికి వచ్చిన మనిషిదైతే ఇరుగుపొరుగుకీ తెలియదు. మగపిల్లలు తల్లి పేరు బయటివాళ్ళ ముందు చచ్చినా చెప్పరు. చెబితే అది ఇక ఊరందరి నోళ్ళలోనూ నలుగుతుందని.

"తెలియదా?" అంది లమీస్ నెమ్మదిగా.

"ఆవిడకి ఫోన్ లేదు. పాస్‌పోర్టు గౌను లోపల రొమ్ము దగ్గర దోపుకుంది. నన్ను ముట్టుకోనివ్వలేదు."

"పోనీ, మీ పక్క సీటేనా?"

"ఎక్కడ తల్లీ! కిటికీ వద్దని, మగవాడి పక్కన వద్దని, విమానమంతా తిరిగింది."

"పేరుంటే ఆవిడ బయటికి వెళ్ళిపోయిందో, లోపలే ఉందో ఇప్పుడే తెలుస్తుంది. లేకపోతే నల్లబట్టల ముసలమ్మ అని చెప్పాలి. అదిగో చూడండి ఎంతమంది ఉన్నారో. ఫోన్ చేద్దాం, ఎవరికి చెయ్యమంటారు?"

నజ్లా ఫోన్ ఎత్తలేదు. నిద్రపోతూ ఉంటుంది. లమీస్ ఖల్లాఫ్‌కి చేసి, నాకూ వినబడేలా పెట్టింది. వాడు బయట గుమ్మం దగ్గరే మా కోసం నిలబడి ఉన్నాడు. వాడితో పాటు మా ఊరి కుర్రాళ్ళు కూడా వచ్చారు, హోటల్లో వాడితో పనిచేసేవాళ్ళు. వాళ్ళ నవ్వులు, మాటలు వినబడుతున్నాయి.

"మీ అమ్మగారి పేరు చెప్పండి," అంది లమీస్.

కుర్రాళ్ళ నవ్వులే వినబడ్డాయి.

"హలో? పేరండీ."

"ఉమ్ ఖల్లాఫ్ అని రాసుకోండి మేడమ్."

"పాస్‌పోర్టులో ఉన్నది కావాలి."

"నేను లోపలికొస్తాను. వచ్చి చెబుతా, కాగితం మీద రాసిస్తా."

"మిమ్మల్ని లోపలికి రానివ్వరు."

నేను ఫోన్ మీదికి వంగాను. "ఒరేయ్ ఖల్లాఫ్! మీ అమ్మ పొద్దున్న సూది వేసుకుంది. ఏమీ తినలేదు. సంచి నా దగ్గరుంది. వింటున్నావా? సంచి నా దగ్గరుంది!"

వాడి ఊపిరి వినబడింది. తర్వాత ఏదో గొణిగాడు.

"వినబడలేదు," అంది లమీస్. "గట్టిగా."

మళ్ళీ గొణిగాడు.

"గట్టిగా చెప్పండి, పక్కన గోలగా ఉంది."

"నబవియ్యా!" అని అరిచాడు. "నబవియ్యా అబ్దుల్ జలీల్! మా అమ్మ పేరు నబవియ్యా!"

వాడి వెనక కుర్రాళ్ళ నవ్వులు ఆగిపోయాయి. వాడి ముఖం ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు. మామూలప్పుడైతే జాలిపడేదాన్ని.

లమీస్ చకచకా ఎవరెవరితోనో మాట్లాడింది. ఆవిడ పాస్‌పోర్టు చూసే చోటు దాటలేదు, లోపలే ఉంది. కాపలావాళ్ళు వెతుకుతున్నారు. నేను సంచిలో చెయ్యి పెట్టి ఖర్జూరాల పొట్లం పట్టుకుని నిలబడ్డాను. పొట్లం చెమటకి మెత్తబడింది. పిండి గిన్నె పక్కన ఒరిగిన ఆవిడ ముఖమే కళ్ళముందు తిరుగుతోంది. ఆ రోజు పెదాలు బూడిదరంగులో ఉన్నాయి.

లమీస్ చేతిలోని యంత్రం గురగురలాడింది. ఆమె విని, కనుబొమలు ముడిచింది.

"విమానం దిగిన గేటు దగ్గర ఒక పెద్దావిడ ఉందట. కానీ మీ వియ్యపురాలు కాదేమో."

"ఎందుక్కాదు?"

"మా మనిషి దగ్గరికెళ్ళి 'నబవియ్యా మీరేనా' అని అడిగాడట. 'ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరు, నన్నొదిలెయ్ నాయనా' అందట."

"ఖల్లాఫ్ తల్లివేనా అని అడగమను!"

లమీస్ అడిగించింది.

"ఇప్పుడు అసలు మాట్లాడ్డం లేదట. గోడవైపు తిరిగి కూర్చుందట."

ఇంకేమీ వినలేదు నేను. నడవడం మొదలుపెట్టాను, ఏ వైపో తెలియకుండానే. లమీస్ వెనక నుంచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుని తిప్పింది. రైలు దాటించి, అవతల సామాన్లూ ముసలివాళ్ళనూ మోసే చిన్న బండి ఎక్కించింది. బండి బంగారం కొట్ల ముందు నుంచి, అత్తరు వాసనల మధ్య నుంచి పోతోంది. జనం తాపీగా పక్కకి తప్పుకుంటున్నారు. ఆవిడ కాకపోతే? ఆవిడే అయి, ఆలస్యమైపోతే? ఖల్లాఫ్‌కి ఏం చెప్పాలి? బోర్డు చదువుతున్నానని చెప్పాలా?

గేటు దగ్గర ఎత్తుగా, నల్లగా ఒక కాపలావాడు దిక్కుతోచనట్టు నిలబడి ఉన్నాడు. గోడ మూలలో నేల మీద, చెప్పులు ఒళ్ళో పెట్టుకుని, మా ఉమ్ ఖల్లాఫ్. ముఖమంతా చెమట. చేతులు వణుకుతున్నాయి.

"వదినా!"

నా వైపు చూసింది. చూపులో నేను లేను. "ఎవరమ్మా నువ్వు?" అంది. నాలుక మందంగా తిరిగింది.

నేను నేల మీద చతికిలబడి ఖర్జూరంలో గింజ తీసేసి, పండు ఆవిడ నోట్లో పెట్టాను. ఉమ్మేసింది. ఇంకోటి పెట్టి, గడ్డం కింద చెయ్యి ఆనించాను. "నమలు. నీకు దండం పెడతా, నమలు." లమీస్ ఎక్కడి నుంచో తియ్యటి పళ్ళరసం తెచ్చి ఆవిడ పెదాలకి ఆనించింది. వైద్యులొస్తున్నారని చెప్పింది. నేను ఆవిడ దవడ కదలడమే చూస్తున్నాను. కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. ఇంకో ఖర్జూరం పెట్టాను.

చాలాసేపటికి చేతుల వణుకు తగ్గింది. కళ్ళు వచ్చి నా ముఖం మీద నిలబడ్డాయి.

"చదవడం అయిందా?" అంది.

ఏడుపొచ్చింది నాకు. ఆవిడ మాత్రం కాపలావాడి వైపు వేలు చూపించింది.

"ఎక్కడ దిగానో అక్కడే కూర్చుంటే నువ్వొస్తావని, ఆ రైల్లోనే తిరిగొచ్చి కూర్చున్నా వదినా. ఒళ్ళు తేలిపోతోంది. అప్పుడు వీడొచ్చాడు. చేతిలో ఏదో గురగురలాడుతోంది. నా పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు మా అమ్మకి తెలుసు, మా ఆయనకి తెలుసు. ఇద్దరూ మట్టిలో ఉన్నారు. మట్టి కప్పాక సమాధిలోకొచ్చి ప్రశ్నలడిగే దేవదూతలుంటారు కదా, వాళ్ళలో ఒకడే అనుకున్నా. ఆ పేరుగలవాళ్ళు లేరని చెబితే వెళ్ళిపోతాడేమోనని అలా అన్నా."

వైద్యుడొచ్చి వేలికి సూది గుచ్చి చూశాడు. గండం గడిచిందన్నాడు. కాపలావాడు దూరంగా నిలబడి, "నేను మనిషినే తల్లీ, సూడాన్ వాణ్ణి," అన్నాడు పాపం.

"ఇంతకీ వీడికెవరు చెప్పారు?" అంది ఉమ్ ఖల్లాఫ్.

"నీ కొడుకు."

"ఎవరి ముందు?"

"మన ఊరి కుర్రాళ్ళ ముందు."

"మెల్లిగానేనా?"

"అరిచాడు."

ఆవిడ చెప్పులు తొడుక్కుంది. "సిగ్గులేని వెధవ," అంది తర్వాత, ముసుగు కొసతో కళ్ళు ఒత్తుకుంటూ. ఇంకో ఖర్జూరం అడిగి తీసుకుంది.

లమీస్ మమ్మల్ని మళ్ళీ రైలు దాకా తీసుకొచ్చింది. ఈసారి నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. ఆవిడ వద్దనలేదు. తలుపులు మూసుకున్నాయి. రైలు కదులుతుంటే గాజులో మా ఇద్దరి నీడలూ ఊగుతున్నాయి. ఈ ఊళ్ళో ఇంకా ఎన్ని తలుపులున్నాయో. తిరుగు ప్రయాణం కూడా ఉంది.

"వదినా," అన్నాను. "నా పేరు రతీబా."

"నేనడిగానా?"

"రతీబా అబ్దుల్ మౌలా. ఒకసారి అను."

"పిచ్చెక్కిందా? మగవాళ్ళున్నారు."

"అను వదినా."

చుట్టూ చూసింది. ఎదురుగా నిలబడ్డ మనిషి అటు తిరిగేదాకా ఆగి, నా చెవి దగ్గరకొచ్చి గుసగుసగా అంది. తండ్రి పేరు తప్పు చెప్పింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ తప్పింది. రైలు ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి, వెనక జనం తోస్తున్నారు, లమీస్ దిగమని చెయ్యి ఊపుతోంది. సరిగ్గా అనేదాకా నేను ఆవిడ మణికట్టు వదల్లేదు.