డిస్టల్ బాబాయి

గోరువెచ్చని నీళ్ళలో పిండికట్టు చుట్ట ముంచి, బుడగలు ఆగేదాకా చూశాడు బాబాయి. పైకి తీసి మెల్లగా పిండి, ఎదుట కూర్చున్న లారీ డ్రైవరు ముంజేతికి దూది మీదుగా చుట్టడం మొదలుపెట్టాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా కట్లు కడుతున్న బాబాయి గోళ్ళ చుట్టూ తెల్లటి అంచు ఉంది. ఎంత తోమినా పోదు. కట్టు ముగించి, రక్తం ఆడుతోందో లేదోనని డ్రైవరు గోళ్ళు ఒక్కొక్కటే నొక్కి వదిలాడు. అన్నీ తెల్లబడి మళ్ళీ ఎర్రబడ్డాయి.

"ఒక వేలు చూస్తే చాలదా బాబాయ్?" అంది కొత్త డాక్టరమ్మ.

"కట్టు బిగిసేది ఇక్కడమ్మా. తెలిసేది డిస్టల్‌లో."

డిస్టల్ అంటే మొండేనికి దూరంగా ఉండే వైపు. పాత సర్జనుగారు నేర్పిన మాట. ఏడో తరగతితో చదువుకు దండం పెట్టినవాడు ఆ ఒక్క మాటతో డాక్టర్లకే పరీక్ష పెట్టేవాడు. "మణికట్టు డిస్టలేనా?" అనేవాడు. అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. "దేనికి డిస్టలని ముందు నన్నడగాలి. మోచేతికైతే అవును, వేళ్ళకైతే కాదు." ఆస్పత్రంతా అతన్ని డిస్టల్ బాబాయనే పిలుస్తుంది.

ఇవాళ ఆ పరీక్ష లేదు. పై అంతస్తులో అక్కకు ఆపరేషను జరుగుతోంది.

అమ్మ పోయాక కుట్టుమిషను తొక్కి అతన్ని పెంచింది అక్క. షుగరు వల్ల ఆమె కుడికాలి వేళ్ళు నల్లబడి మూడు నెలలైంది. మేజోళ్ళు వేసుకుని దాచింది. ఊరందరి వేళ్ళూ నొక్కి చూసినవాడు ఒకే కప్పు కింద ఉన్న అక్క కాళ్ళ వంక చూడలేదు. దీపం కింద చీకటంటే ఇదే. తలుచుకున్నప్పుడల్లా తనమీద తనకే అసహ్యం వేసేది.

మోకాలి పైదాకా కాలు తీసేస్తామన్నారు మొదట. అతను సర్జను చేతులు పట్టుకున్నాడు. "మోకాలికి డిస్టల్‌గా తియ్యండి సార్. మోకాలుంటే పెట్టుడు కాలితోనైనా మిషను తొక్కుతుంది." మళ్ళీ పరీక్షలు చేసి సర్జను సరేనన్నాడు. మోకాలు దక్కుతుంది, గుండెదే భయం అన్నాడు.

పొద్దున స్ట్రెచరు పక్కన అతను కదలకుండా నిలబడితే అక్కే కసిరింది.

"ఇక్కడేం చేస్తావురా? విరిగిన చేతులు నీకోసం కూర్చునుంటాయి. పో."

"మోకాలు ఉంచుతామన్నారక్కా."

"ఉంచకపోతే నువ్వూరుకుంటావా, పెద్ద డాక్టరువి."

నవ్వుతూనే లోపలికి వెళ్ళింది.

మధ్యాహ్నం ఒక ముసలావిడ చీలమండకు కట్టు సగం చుట్టి ఉండగా సర్జను తనే కిందికి దిగొచ్చాడు. ఏ కబురైనా ఆయాతో పంపే మనిషి. టోపీ చేతిలో ఉంది.

"మోకాలు దక్కింది బాబాయ్. కుట్లు కూడా వేసేశాం. ఆ తర్వాత గుండె ఆగిపోయింది. చాలాసేపు ప్రయత్నించాం."

అతను తలూపాడు. చేతిలో చుట్ట గట్టిపడుతోంది. తడిపిన పిండి ఎవరికోసమూ ఆగదు. మిగతా కట్టంతా వరస తప్పకుండా చుట్టాడు, అంచులు నునుపు చేశాడు. ఆ తర్వాత స్టూలు మీద కూర్చుని తెల్లటి చేతులతోనే ముఖం కప్పుకుని ఏడ్చాడు. డాక్టరమ్మ నేలమీద కూర్చుని ముసలావిడ కాలివేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసింది.

సాయంత్రం వార్డు నర్సు అక్క గుడ్డసంచి తెచ్చిచ్చింది. అందులో దువ్వెన, కళ్ళజోడు, వాటి కింద మడతపెట్టిన పూలగుడ్డ తొడుగు.

"నిన్నంతా కూర్చుని కుట్టుకుంది" అంది నర్సు. "మోకాలి కింద మిగిలే ముక్కకట. కొలత కూడా తీసుకుంది."

అతను దాన్ని తిరగేసి చూశాడు. ఒక కొస మూసి, రెండో కొసకు నాడా ఎక్కించి ఉంది. లోపల, రేపెప్పుడైనా బిగుతైతే కుట్టు విప్పి వదులు చేసుకోవడానికి, రెండు పక్కలా అరంగుళం గుడ్డ వదిలి ఉంది.