ఆడికృత్తిక సెలవుచీటీ

సూపర్వైజరు జయరామన్ అరటిపండ్ల సంచితో గుమ్మంలోకి రాగానే ధనకోటికి ఒళ్ళు మండింది. తిరువళ్ళూరు ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషను కింద పడి మొగుడి కుడిచేతి వేళ్ళు మూడు పోయి రెండు నెలలైంది. ఆస్పత్రి వైపు తొంగికూడా చూడని పెద్దమనిషికి ఇవాళ ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చిందంటే అది ఊరికే రాదు.

గొడవంతా ఒక సెలవుచీటీ తెచ్చింది. ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి కొండెక్కి తలనీలాలు ఇస్తానని ఆమె మొగుడు సుందరరాజులు ముందుగానే చీటీ రాసిచ్చాడు. తీరా ఆ పొద్దున అర్జంటు పనంటూ ఈ జయరామనే మనిషిని పంపి పిలిపించాడు. పిలిస్తే పరిగెత్తిన అమాయకుడికి చీటీ వెనక్కి తీసుకోవాలని తోచలేదు. ఆ రోజే వేళ్ళు పోయాయి. ఇప్పుడు కంపెనీ అదే చూపించి, ఆ రోజు అతను పనిలోనే లేడు, తలనీలాలిచ్చి కొండ దిగుతూ తిరుత్తణి జనంలో ఏ బండి చక్రం కిందో చెయ్యి పెట్టుకున్నాడు, కావాలంటే జబ్బు సెలవు రాసుకోమంటోంది. జబ్బు సెలవైతే కొన్నాళ్ళు సగం జీతం, అంతటితో సరి. పనిలో తగిలిన దెబ్బని ఈఎస్ఐ వాళ్ళు ఒప్పుకుంటే, పోయిన వేళ్ళకి బతికినంతకాలం పింఛను. ఒక దెబ్బకి రెండూ ఇవ్వరు. సోమవారమే ఇన్‌స్పెక్టరు విచారణ.

జయరామన్ ఆ ఊసే ఎత్తలేదు. మొక్కు నిలవుంచుకోవడం ఇంటికి మంచిది కాదని, ఆదివారం కంపెనీ వ్యానులోనే కొండకి తీసుకెళ్ళి గుండు చేయిస్తానని తేనె పూసి చెప్పాడు. సుందరరాజులు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొక్కు తప్పినందుకే స్వామి తన వేళ్ళు తీసుకున్నాడని పాపం అతను లోలోపల కుమిలిపోతున్నాడు.

"ఆదివారమే ఎందుకు సార్? సామికి మంగళవారం కదా మంచిది," అంది ధనకోటి.

మంగళవారం వ్యాను ఉండదన్నాడు జయరామన్, సుందరరాజులు తలవైపు చూస్తూ. ఆ చూపుతో ఆమెకి గుట్టు తెలిసిపోయింది. మొక్కుకున్నవాడు మొక్కు తీరేదాకా తలకి కత్తెర తగలనివ్వడు. రెండేళ్ళుగా పెరిగిన ఆ జుట్టుకి, దెబ్బ తగిలినప్పటినుంచీ రోజూ నూనె రాసి ముడి వేస్తున్నది తనే.

సామికి కోపం వస్తుందేమోనని మొగుడు గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు.

"సామి యాడికీ పోడు సార్. సోమవారం ఇన్‌స్పెక్టరయ్య చూసినాక పోతాము," అని అరటిపండ్ల సంచి అతని చేతికే తిరిగిచ్చింది.

సోమవారం కంపెనీవాళ్ళు చీటీ గట్టిగా చదివి వినిపించారు. ఇన్‌స్పెక్టరు ముఖమెత్తి చూశాడు. ధనకోటి లేచి మొగుడి ముడి విప్పింది. జుట్టు భుజాలమీద పడింది.

"ఆడికృత్తికకి కొండకి పోయి గుండు కొట్టించుకున్నోడు ఈయనే సార్," అంది.